కంప్యూటర్‌లో ఉంది... ర్యాకులో లేదు!

డెకథ్లాన్ దుకాణానికి వెళ్లినవాళ్లకు ఈ అనుభవం ఉండే ఉంటుంది. బూట్లు, టీషర్టు, టోపీ... కొన్నవన్నీ తెచ్చి కౌంటర్ దగ్గరున్న పెట్టెలో పెడితే చాలు. ఒక్కోటీ తీసి నల్లగీతలు వెతికి చూపించే పని లేదు. ఏవేవి ఎన్ని ఉన్నాయో, ఎంతయిందో తెర మీద వచ్చేస్తుంది. ప్రతి వస్తువు లేబుల్‌లోనూ కనిపించకుండా ఒదిగిన ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్ చేసే పని అది. మన కారు అద్దం మీద ఫాస్టాగ్‌లో ఉన్నదీ ఆ జాతి చిప్పే.

బిల్లు త్వరగా కావడం కొనేవాళ్లకు సుఖం. వ్యాపారి ఆ లేబుల్ మీద డబ్బు పెట్టేది మాత్రం వేరే బాధ తీర్చుకోవడానికి. ఆ బాధ పేరు స్టాక్ లెక్క.

లేని సరుకు

‘సిస్టమ్‌లో చూపిస్తోంది మేడమ్, ఒక్క నిమిషం, పైన చూసొస్తా’. బట్టల షాపులో ఈ మాట విననివాళ్లు ఉండరు. ఆ నిమిషం పావుగంటవుతుంది. సేల్స్‌మన్ ఉత్తచేతులతో దిగొస్తాడు. తప్పు అతనిది కాదు. కంప్యూటర్‌లో ఉన్న లెక్కకీ, ర్యాకులో ఉన్న సరుకుకీ పొత్తు కుదరడం లేదు. పెద్దపెద్ద కంపెనీలకూ కుదరదు. అమెరికాలో ఒక భారీ రిటైల్ సంస్థకు చెందిన 37 దుకాణాల్లో దాదాపు 3,70,000 స్టాక్ రికార్డులను నికోల్ డెహోరేషియస్, అనంత్ రామన్ అనే పరిశోధకులు పరిశీలించి, 2008లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో 65 శాతం రికార్డులు తప్పు!

ఇన్ని తప్పులు ఎలా వస్తాయి? దొంగతనం ఒక్కటే కారణం కాదు. రెండు రంగుల సబ్బులు రెండు కొంటే, కౌంటర్‌లో ఉన్నవాళ్లు తొందరలో ఒకదాన్నే రెండుసార్లు స్కాన్ చేస్తారు. ధర ఒకటే కాబట్టి బిల్లు సరిపోతుంది, లెక్క మాత్రం రెండు చోట్ల చెడుతుంది. లారీ దిగిన సరుకులో ఒక పెట్టె తక్కువ వచ్చినా చలానాలో ఉన్నంతా వచ్చినట్టే రాస్తారు. ట్రయల్ రూమ్‌లో వదిలేసిన చొక్కా వేరే ర్యాకులో చేరుతుంది.

వీటన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేసేది, చప్పుడు లేకుండా జరిగేది ఇంకొకటుంది. ఒక సైజు చొక్కాలు కంప్యూటర్‌లో మూడున్నాయి, ర్యాకులో ఒక్కటీ లేదు అనుకోండి. మూడున్నాయి కదా అని కంప్యూటర్ కొత్త సరుకు తెప్పించదు. చొక్కా లేదు కాబట్టి అమ్ముడుపోదు. అమ్ముడుపోలేదు కాబట్టి ఆ మూడు మూడుగానే ఉంటాయి. ఏడాదికోసారి షాపు మూసి స్టాక్ తీసేదాకా అలా నడుస్తూనే ఉంటుంది. ఆ సైజువాళ్లు వచ్చి వెళ్లిపోయిన సంగతి ఏ రిజిస్టర్లోనూ పడదు.

లిప్‌స్టిక్ వెతుకులాట

ఆర్‌ఎఫ్‌ఐడీని దుకాణాల్లోకి తెచ్చిందీ ఇలాంటి చిక్కే. 1990ల చివర్లో బ్రిటన్‌లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ బ్రాండ్ మేనేజర్‌గా ఉన్న కెవిన్ యాష్టన్‌కు ఒక ముదురు గోధుమరంగు లిప్‌స్టిక్ షాపుల్లో ఎప్పుడు చూసినా లేకపోవడం అంతుపట్టలేదు. గోదాములో సరుకుంది, అల్మారాలో లేదు. ఆ వెతుకులాట ఆయన్ని అమెరికాలోని ఎంఐటీకి చేర్చింది. అక్కడ ఐఐటీ కాన్పూర్‌లో చదివిన సంజయ్ శర్మ, రోబోల మీద పనిచేస్తున్న డేవిడ్ బ్రాక్ తదితరులతో కలిసి 1999లో ఆటో-ఐడీ సెంటర్ మొదలుపెట్టారు.

వాళ్ల ఆలోచనలో గొప్పతనం దాని సరళతలో ఉంది. వస్తువు వివరాలన్నీ చిప్‌లో కూరాలని చూస్తే చిప్ ఖరీదవుతుంది. అందులో ఒక నంబరు మాత్రం ఉంచి, మిగతా వివరాలు నెట్‌వర్క్‌లో పెడితే? అప్పుడు లేబుల్‌ని అయిదు సెంట్లకే చేయొచ్చన్నది వాళ్ల లక్ష్యం. 1974 జూన్ 26న ఒహాయోలోని ట్రాయ్ పట్టణంలో చూయింగ్‌గమ్ ప్యాకెట్‌తో దుకాణాల్లో అడుగుపెట్టిన బార్‌కోడ్ ‘ఇది ఫలానా రకం’ అని చెబుతుంది. ఈ చిప్ ‘ఆ రకంలో ఈ ఒక్కటి’ అని చెబుతుంది. 96 బిట్ల ఆ నంబరు ఇంకో వస్తువుకు ఉండదు.

లేబుల్‌లో బ్యాటరీ ఉండదు. ఆవగింజకన్నా చిన్న చిప్పు, దానికి రెండు వైపులా మెలికలు తిరిగిన పల్చటి అల్యూమినియం యాంటెనా, అంతే. రీడర్ పంపే రేడియో తరంగాలే దానికి కరెంటు. ఆ శక్తితో మేల్కొని, వచ్చిన తరంగాన్నే కాస్త మార్చి వెనక్కి పంపుతుంది. ఆ మార్పుల్లోనే నంబరు ఉంటుంది. మన దేశంలో ఇందుకు 865 మెగాహెర్ట్జ్ పైనున్న చిన్న పట్టీని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. వందల లేబుళ్లు ఒకేసారి పలికితే గోలే కదా! అందుకే ఒక్కోటీ తోచిన సంఖ్య ఎంచుకుని, తన వంతు వచ్చినప్పుడే జవాబిస్తుంది. 1970ల్లో హవాయి విశ్వవిద్యాలయం రేడియో నెట్‌వర్క్ కోసం కనిపెట్టిన ఆలోహా పద్ధతి నుంచి వచ్చిన వారసత్వం ఇది. సెకనుకు వందల లేబుళ్లు చదవగలిగేది అందువల్లే. చేతిలో రీడర్ పట్టుకుని వరుసల మధ్య నడిస్తే చాలు. ఏడాదికోసారి జరిగే స్టాక్ చెకింగ్ ఏ వారానికావారం పూర్తవుతుంది. లెక్క తరచూ తీయగలగడమే ఈ లేబుల్ ఇచ్చే అసలు లాభం.

అంటించేదెవరు, లాభపడేదెవరు?

2003లో వాల్‌మార్ట్ ఒక హుకుం జారీ చేసింది. తనకు సరుకిచ్చే వంద పెద్ద సరఫరాదారులు 2005 జనవరి నాటికి పెట్టెలకీ, ప్యాలెట్లకీ ఈ లేబుళ్లు అంటించాలి. ప్రపంచమంతా దాని వైపు చూసింది. లేబుళ్లున్న షాపుల్లో సరుకు అయిపోయే సందర్భాలు 16 శాతం తగ్గాయని ఆర్కాన్సా విశ్వవిద్యాలయం తేల్చింది కూడా. అయినా ఆ ప్రయత్నం కొన్నేళ్లకే నీరుగారింది. నీళ్లు ఈ తరంగాలను పీల్చేస్తాయి, లోహం వెనక్కి కొడుతుంది. షాంపూ పెట్టెలు, డబ్బాల సరుకు సరిగా చదవలేకపోవడం ఒక చిక్కు. నా దృష్టిలో దానికన్నా పెద్ద తప్పు పైకం దగ్గర జరిగింది. లేబుల్ కొని అంటించే ఖర్చు సరఫరాదారుడిది, సరుకు అయిపోకుండా ఉండే లాభంలో పెద్ద వాటా దుకాణానిది. ఖర్చు ఒకరిది, ఫలం మరొకరిదీ అయినచోట ఏ పద్ధతైనా నిలవడం కష్టం.

ఆర్‌ఎఫ్‌ఐడీ నిలదొక్కుకున్నది బట్టల్లో. రంగులు, సైజులు లెక్కలేనన్ని. నీళ్లుండవు, లోహం ఉండదు, పైగా ధర లేబుల్ ఖర్చును మోస్తుంది. జారా యజమాని ఇండిటెక్స్ 2014లో ఎంచుకున్న దారి నాకు బాగా నచ్చింది. దొంగతనం జరగకుండా తగిలించే గట్టి ప్లాస్టిక్ బిళ్లలోనే చిప్ పెట్టారు. బిల్లయ్యాక ఊడదీసి మళ్లీ వాడతారు. ఖర్చు వాళ్లదే, లాభమూ వాళ్లదే. పైగా చిప్ కొన్నవాళ్ల వెంట ఇంటికి పోదు. ఇది చిన్న సంగతేం కాదు. 2003లో బెనెటన్ దుస్తుల్లో చిప్‌లు పెడుతోందన్న వార్త బయటికి రాగానే అమెరికాలో బహిష్కరణ పిలుపులు వచ్చాయి. చిప్‌ను శాశ్వతంగా పనిచేయకుండా చేసే ఆదేశం ప్రమాణాల్లోనే ఉంది, దాన్ని వాడాలన్న శ్రద్ధ దుకాణానికి ఉండాలి. వాల్‌మార్ట్ కూడా 2022లో ఇంటి సామాన్లు, బొమ్మలు, క్రీడాసామగ్రి సరఫరాదారులను మళ్లీ లేబుళ్లు అడిగింది. ఈసారి పెట్టెకి కాదు, ఒక్కో వస్తువుకీ.

మన రేవుల్లోనూ...

మన దగ్గర 2016లో ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో లాజిస్టిక్స్ డేటా బ్యాంక్ మొదలైంది. ఎగుమతి, దిగుమతి కంటైనర్లకు ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు తగిలించి, పోర్టు గేట్ల దగ్గరా, టోల్ ప్లాజాల దగ్గరా చదువుతారు. ఇప్పుడది విశాఖ సహా ప్రధాన రేవులకు విస్తరించింది. కంటైనర్ నంబరు కొడితే ఏ గేటు ఎప్పుడు దాటిందో రొయ్యల ఎగుమతిదారు తన ఆఫీసులో కూర్చుని చూసుకోవచ్చు. ఒకటి గుర్తుంచుకోవాలి. ఇది జీపీఎస్ కాదు. చివరిసారి ఏ రీడర్ ముందు కనబడిందో అంతవరకే చెబుతుంది. రెండు గేట్ల మధ్య లారీ ఏ దాబా దగ్గర ఆగిందో దానికి తెలియదు.

అన్నిచోట్లా ఇదే కావాలనీ లేదు. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఈ లేబుల్ ఖర్చును మోయలేదు. కిరాణా కొట్టుకు బార్‌కోడే మేలు. మందుల విషయంలో కేంద్రం 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేసింది. అసలుదో నకిలీదో రోగి తన ఫోన్‌తోనే చూసుకోవచ్చు కాబట్టి అక్కడ అదే సరైన సాధనం.

చేనేత చీర సంగతి వేరు. పోచంపల్లి, గద్వాల, మంగళగిరి మగ్గాల మీద నేసిన చీరలు రెండు అచ్చంగా ఒకేలా ఉండవు. ఒక్కోదానికీ ఒక నంబరుండడం అక్కడే ఎక్కువ అవసరం. ఏ సొసైటీ నుంచి ఏ చీర ఎప్పుడొచ్చింది, ఏ షోరూమ్‌లో ఎన్నాళ్లుగా మడత పడి ఉంది, ఏది అమ్ముడుపోయింది అన్నవి వారానికోసారి తేలితే, ‘మీ సరుకు ఇంకా కదల్లేదు’ అన్న మాట వినే నేతన్నకు అడిగే ఆధారం దొరుకుతుంది. వేల రూపాయల చీర మీద కొద్ది రూపాయల లేబుల్ పెద్ద బరువేమీ కాదు. ఆ ఖర్చును సొసైటీకి చెల్లించే బిల్లులో కోత పెట్టకుండా, రీడర్ కొనే షోరూమే తన ఖాతాలో వేసుకోవాలి. చదివిన లెక్కను ప్రతి వారం సొసైటీకీ పంపాలి.