మెయిల్‌బాక్సు: యంత్రం లోపలి టపాపెట్టె

ఫ్యాక్టరీలో బాయిలరును కనిపెట్టుకుని ఉండే చిన్న కంప్యూటరును ఊహించుకోండి. ప్రాసెసరు ఒక్కటే, పనులు మాత్రం అనేకం. ఈ పనులను టాస్కులంటారు. ఒక టాస్కు వేడిని కొలుస్తుంది, మరొకటి ఆవిరి వాల్వును తిప్పుతుంది. కొలిచిన అంకె మొదటిదాని నుంచి రెండోదానికి గడువులోగా చేరాలి. ఆలస్యంగా వచ్చిన సరైన జవాబు ఇక్కడ తప్పు జవాబు కిందే లెక్క.

రెండింటికీ కనిపించే చోట అంకెను రాసిపెడితే చాలదా అని మీరు అడగవచ్చు. సగం రాసేసరికే రెండో టాస్కు వచ్చి చదివిందనుకోండి. దానికి దొరికేది సగం పాతది, సగం కొత్తది. అందుకే ఈ మెయిల్‌బాక్సు. అయితే వీధి టపాపెట్టెలో ఎన్నో ఉత్తరాలు పడతాయి. 1992లో జీన్ లబ్రాస్ వెలువరించిన మైక్రో సి ఓఎస్‌లో పెట్టెకు పట్టేది ఒక్క కబురే. ఖాళీ కాకముందే రెండోది వేయబోతే 'పెట్టె నిండింది' అని తిప్పికొడుతుంది. పెట్టె ఖాళీగా ఉంటే చదివే టాస్కు నిద్రపోతుంది, ప్రాసెసరు ఇంకొకరి పని చూస్తుంది. ఎంతసేపు ఆగాలో గడువు చెప్పవచ్చు. సున్నా అని చెబితే 'ఆగవద్దు' అని కాదు, 'ఎంతకాలమైనా ఆగు' అని అర్థం. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే.

ఇంకో పెద్ద చిక్కుంది. పెట్టెలో పడేది కబురు కాదు, కబురున్న చోటి చిరునామా. అవతలివారు చదవకముందే పంపినవారు అదే చోట కొత్త అంకె రాస్తే, ఉత్తరం దారిలోనే మారిపోయినట్టు. చదవడం పూర్తయ్యేదాకా ఆ చోటును ముట్టుకోకూడదు.

కబుర్ల దారిలో కనబడని తాళాలూ ఉంటాయి. 1997 జులై 4న అంగారకుడిపై దిగిన పాత్‌ఫైండర్ సంగతే చూడండి. అందులో పనిచేసింది వీఎక్స్‌వర్క్స్ అనే వ్యవస్థ. కొన్నాళ్లకు కంప్యూటరు తనంతట తానే ఆగి, మళ్లీ మొదలవడం కనిపించింది. తక్కువ హోదా గల వాతావరణ టాస్కు కబురు అందుకునే చోట ఒక తాళం పట్టుకుని ఉండగా, మధ్యస్థ హోదా టాస్కులు దాన్ని పక్కకు నెట్టాయి. దానికి కబురు పంపబోయిన పెద్ద హోదా టాస్కు ఆ తాళం కోసం నిలబడిపోయింది. గడువు దాటడంతో యంత్రం రీసెట్ అయింది. ఇంజినీర్లు భూమిమీది నకలు యంత్రంలో అదే తప్పును మళ్లీ రప్పించి చూశారు. తాళం పట్టుకున్నవాడికి, దానికోసం ఆగినవాడి హోదాను కాసేపు అరువిచ్చే సదుపాయం ఆ వ్యవస్థలో ముందే ఉంది. అక్కడ దాన్ని వాడలేదు, అంతే. ఆ సదుపాయాన్ని అమలు చేసే చిన్న మార్పును అంగారకుడికి పంపారు. రీసెట్లు ఆగాయి.