దెబ్బబలపు గణితం: యాక్షన్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో సామగ్రి ఎంపిక

వ్యాససంగ్రహం: యాక్షన్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో పాత్ర ధరించే ఆయుధాలు, కవచాలు, ఆభరణాల మీద ముద్రించిన అంకెలు ఆ పాత్ర కొట్టే దెబ్బ ఎంత బలమైనదో నిర్ణయిస్తాయి. ఒక అంకె విలువ ఆ అంకెలో ఇమిడి ఉండదు. అది ఏ గుంపులో చేరుతుంది, ఆ గుంపులో అప్పటికే ఎంత పోగుపడింది అన్నదాన్ని బట్టి మారుతుంది. ఈ సంగతిని గెన్షిన్ ఇంపాక్ట్, పాథ్ ఆఫ్ ఎగ్జైల్, డయాబ్లో 2 అనే మూడు ఆటల ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: దెబ్బబలం, స్టాట్, సంకలన గుంపు, గుణకం, క్రిట్ రేట్, క్రిట్ డ్యామేజ్, ఉపాంత విలువ.

1. ప్రవేశిక

షాంఘై కేంద్రంగా పనిచేసే మిహోయో సంస్థ 2020 సెప్టెంబరు 28న విడుదల చేసిన గెన్షిన్ ఇంపాక్ట్‌లో ప్రతి పాత్రా ఒక ఆయుధాన్ని, ఐదు ఆర్టిఫ్యాక్టులను ధరిస్తుంది. పువ్వు, ఈక, ఇసుక గడియారం, పానపాత్ర, కిరీటం అనేవి ఆ ఐదు. ఒక్కొక్కదాని మీద ఒక ప్రధాన స్టాట్, నాలుగు వరకు ఉపస్టాట్లు ఉంటాయి. ఇవి కొనుక్కునే వస్తువులు కావు. రెజిన్ అనే పరిమిత వనరును వెచ్చించి సంపాదించుకోవాలి. ఎనిమిది నిమిషాలకు ఒకటి చొప్పున రోజుకు 180 రెజిన్ సమకూరుతుంది. ఆర్టిఫ్యాక్టులిచ్చే గుహలో ఒకసారి ప్రతిఫలం తీసుకోవడానికి 20 ఖర్చవుతుంది. అంటే రోజుకు తొమ్మిది ప్రయత్నాలే. దొరికిన వస్తువు మీద ఏ స్టాట్లు ఉంటాయో యాదృచ్ఛికం. అందువల్ల ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి అన్న నిర్ణయం తప్పితే పోయేది ఆటగాడి రోజులు, వారాలు. ఈ ఆటల గణితాన్ని ఆటగాళ్ళు అంత పట్టుదలగా తవ్వి తీయడానికి కారణం ఇదే.

ఆటగాళ్ళు డ్యామేజ్ అని పిలిచేదాన్ని ఈ వ్యాసంలో ‘దెబ్బబలం’ అని వ్యవహరించడం జరిగింది. ఆటలోని స్టాట్ల పేర్లను మాత్రం వ్యవహారంలో ఉన్నట్లే గ్రహించడమైనది.

2. కూడే అంకెలు, గుణించే అంకెలు

ఈ ఆటలన్నింటికీ మూలసూత్రం ఒక్కటే. దెబ్బబలం అనేక గుణకాల లబ్ధం. ఒక్కొక్క గుణకం లోపల మాత్రం అంకెలు ఒకదానితో ఒకటి కూడుకుంటాయి. ఈ భేదాన్ని అందరికంటె స్పష్టంగా మాటల్లోనే చెప్పిన ఆట పాథ్ ఆఫ్ ఎగ్జైల్. న్యూజిలాండ్‌కు చెందిన గ్రైండింగ్ గేర్ గేమ్స్ 2013లో విడుదల చేసిన ఈ ఆటలో ‘ఇంక్రీజ్డ్’, ‘మోర్’ అనే రెండు మాటలు పారిభాషిక పదాలు. ‘20 శాతం ఇంక్రీజ్డ్’ అని రాసి ఉన్న ఐదు వరుసలు ఉంటే అవి కూడుకొని 100 శాతమై దెబ్బబలాన్ని 2 రెట్లు చేస్తాయి. ‘20 శాతం మోర్’ అని ఉన్న ఐదు వరుసలు ఒకదానినొకటి గుణించుకొని 1.2 × 1.2 × 1.2 × 1.2 × 1.2, అంటే దాదాపు 2.49 రెట్లు చేస్తాయి. నిత్యవ్యవహారంలో ఈ రెండు ఇంగ్లీషు మాటలకూ పెద్ద తేడా లేదు. ఆటలో వాటి మధ్య ఉన్నది కూడికకూ గుణకారానికీ ఉన్న తేడా.

కూడిక గుంపులో చేరే ప్రతి కొత్త అంకె అంతకుముందు చేరినదానికంటె తక్కువ ఫలితమిస్తుంది. మొదటి 20 శాతం 1ని 1.2 చేసి దెబ్బబలాన్ని ఐదోవంతు పెంచుతుంది. అప్పటికే 400 శాతం పోగై ఉంటే అదే 20 శాతం 5ను 5.2 చేస్తుంది, పెరుగుదల 4 శాతమే. ఇంటర్మీడియట్ అర్థశాస్త్రం చదివినవారికి ఇది క్షీణోపాంత ప్రయోజన సూత్రంగా తోచడం సహజం. పోలిక సరైనదే గాని ఒక భేదం ఉంది. అక్కడ తరిగిపోయేది మనిషి పొందే తృప్తి, దాన్ని కొలవడం కష్టం. ఇక్కడ తరిగేది నిష్పత్తి, కాగితం మీద లెక్కకట్టగలిగినది.

3. ఒకే పానపాత్ర, మూడు తీర్పులు

గెన్షిన్ ఇంపాక్ట్‌లో పాత్ర ఎటాక్‌ను ఇలా లెక్కిస్తారు: పాత్రకూ ఆయుధానికీ ఉన్న మూల ఎటాక్‌లను కూడి, దాన్ని ఎటాక్ శాతాల మొత్తంతో పెంచి, చివర విడి సంఖ్యలను కలపాలి. పూర్తిగా పెంచిన ఐదు నక్షత్రాల ఈక ఇచ్చే 311 అటువంటి విడి సంఖ్య. శాతాలు దాన్ని తాకవు.

మూల ఎటాక్ 800 ఉన్న పాత్రను ఊహించవచ్చు. ఇసుక గడియారం మీద 46.6 శాతం ఎటాక్, ఈక మీద 311 ఉన్నాయి. మొత్తం ఎటాక్ 800 × 1.466 + 311 = 1483.8. ఇప్పుడు పానపాత్రను ఎంచుకోవాలి. ఒకదాని మీద 46.6 శాతం ఎటాక్, మరొకదాని మీద 46.6 శాతం మూలక దెబ్బబలం ఉన్నాయి. ముద్రించిన అంకె రెండింటి మీదా అక్షరాలా ఒక్కటే.

మొదటిదాన్ని ధరిస్తే ఎటాక్ 1856.6 అవుతుంది, పెరుగుదల 25.1 శాతం. రెండవది వేరే గుంపులో చేరుతుంది. ఆ గుంపు ఖాళీగా ఉంటే అది 1ని 1.466 చేస్తుంది, పెరుగుదల 46.6 శాతం. తీర్పు మూలక పానపాత్రకే. చాలామంది ఆటగాళ్ళు దీన్ని నియమంగా కంఠస్థం చేసి అక్కడితో ఆగిపోతారు.

అయితే ఆయుధం, ఆర్టిఫ్యాక్టుల సెట్టు, సహచరుల సాయం వల్ల ఆ పాత్రకు అప్పటికే 100 శాతం మూలక దెబ్బబలం సమకూరి ఉంటే మూలక పానపాత్ర 2ను 2.466 చేస్తుంది, పెరుగుదల 23.3 శాతం మాత్రమే. ఎటాక్ పానపాత్ర ఇచ్చే 25.1 శాతం ఇప్పుడు మెరుగు. నియమం తలకిందులయింది.

ఇదే జట్టులోకి బెన్నెట్‌ను తీసుకువస్తే లెక్క మరోసారి మారుతుంది. బెన్నెట్ ప్రత్యేకశక్తి తన మూల ఎటాక్‌లో కొంత భాగాన్ని సహచరుడికి విడి సంఖ్యగా ఇస్తుంది. అది 1000 అనుకుంటే పాత్ర ఎటాక్ 1483.8 నుంచి 2483.8కి చేరుతుంది. ఎటాక్ పానపాత్ర చేర్చేది మాత్రం మునుపటి 372.8 మాత్రమే కాబట్టి దాని ఫలితం 15 శాతానికి పడిపోతుంది. మూలక పానపాత్ర 23.3 శాతంతో మళ్ళీ ముందుకు వస్తుంది. వస్తువు మారలేదు, దాని మీది అంకె మారలేదు, పాత్ర ధరించిన తక్కినవేవీ మారలేదు. పక్కన నిలబడినవాడు మారాడు.

సహచరుల ప్రభావం ఇంతటితో ఆగదు. చాలామంది శత్రువులకు ప్రతి మూలకం పట్ల 10 శాతం నిరోధం ఉంటుంది, అంటే తగిలే దెబ్బలో పదోవంతు పోతుంది. విరిడిసెంట్ వెనరర్ సెట్టులోని నాలుగు వస్తువులను ధరించిన గాలి మూలకపు పాత్ర మరొక మూలకాన్ని సుడి తిప్పితే ఆ మూలకం పట్ల శత్రువు నిరోధం 40 శాతం తగ్గుతుంది. 10లోంచి 40 పోతే రుణ 30. సున్నాకంటె దిగువన నిరోధం సగం చొప్పునే లెక్కకు వస్తుంది కాబట్టి గుణకం 0.9 నుంచి 1.15 అవుతుంది. ప్రధాన పాత్ర దెబ్బబలం 27.8 శాతం పెరుగుతుంది. ప్రధాన పాత్ర ఒంటిమీద కొత్తగా చేరినది ఏమీ లేదు. ‘నా పాత్రకు ఏ స్టాట్ మంచిది’ అన్న ప్రశ్న అసంపూర్ణమని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

చూపును మోసగించే చిన్న ఉదాహరణ మరొకటి ఉంది. ఒకే ఆర్టిఫ్యాక్టు మీద ‘ఎటాక్ 19’ అనీ, ‘ఎటాక్ 5.8 శాతం’ అనీ రెండు ఉపస్టాట్లు ఉండవచ్చు. కంటికి 19 పెద్దది. మూల ఎటాక్ 800 ఉన్న పాత్రకు 5.8 శాతమంటే 46కు పైమాటే.

4. క్రిటికల్ దెబ్బ: కంచె, పొలం

ఈ ఆటలో అత్యధిక చర్చకు లోనైనవి క్రిట్ రేట్, క్రిట్ డ్యామేజ్ అనే జంట స్టాట్లు. మొదటిది దెబ్బ క్రిటికల్ అయ్యే సంభావ్యత, రెండవది క్రిటికల్ అయినప్పుడు అదనంగా చేరే బలం. పాత్రలకు మూలంలో 5 శాతం రేట్, 50 శాతం డ్యామేజ్ ఉంటాయి. సగటు గుణకం 1 + రేట్ × డ్యామేజ్. రేట్ 100 శాతం దాటితే మిగిలినది వృథా.

ఈ రెండింటి మధ్య మారకపు ధరను ఆట నిర్మాతలే నిర్ణయించారు. కిరీటం మీద ప్రధాన స్టాట్‌గా రేట్ అయితే 31.1, డ్యామేజ్ అయితే 62.2. ఉపస్టాట్‌గా ఒక్క విడతలో రేట్ గరిష్ఠంగా 3.9, డ్యామేజ్ 7.8. ఎక్కడ చూసినా ఒకటికి రెండు. కాబట్టి ఒక ఆటగాడి దగ్గరున్న మొత్తం క్రిట్ సంపదను ‘రేట్‌కు రెట్టింపు, దానికి డ్యామేజ్ కలిపితే వచ్చేది’గా కొలవవచ్చు. ఆ సంపద 240 అనుకుంటే రేట్ 20, డ్యామేజ్ 200 అయినప్పుడు సగటు గుణకం 1.40. రేట్ 40, డ్యామేజ్ 160 అయితే 1.64. రేట్ 60, డ్యామేజ్ 120 అయితే 1.72. రేట్ 80, డ్యామేజ్ 80 అయితే మళ్ళీ 1.64.

ఇది రైతుకు తెలిసిన లెక్కే. ఉన్న కంచెతో నాలుగు మూలలా సరిగా ఉండే పొలాన్ని చుట్టాలంటే, పొడవు వెడల్పులు సమానమైనప్పుడే ఎక్కువ నేల లోపలికి వస్తుంది. ఇక్కడ ఒక భుజం రేట్‌కు రెట్టింపు, రెండవ భుజం డ్యామేజ్. 120, 120 దగ్గర చతురస్రం ఏర్పడింది. ఆటగాళ్ళ నోళ్ళలో నానే ‘ఒకటికి రెండు’ సూత్రానికి ఉపపత్తి ఇంతే. దాని హద్దు కూడా ఇక్కడే కనిపిస్తుంది. సంపద 400కు చేరి రేట్ 100 అయిన తరువాత ఆ భుజం పెరగదు, ఆపైన వచ్చేదంతా డ్యామేజ్‌కే పోవాలి.

ఈ సూత్రం సాధించేది సగటును మాత్రమే. రేట్ 40, డ్యామేజ్ 160 ఉన్న పాత్రకూ, రెండూ 80 ఉన్న పాత్రకూ సగటు 1.64. మొదటి పాత్ర పది దెబ్బల్లో సగటున నాలుగింటిని 2.6 రెట్లతో కొడుతుంది, తక్కిన ఆరూ మామూలువి. రెండవది ఎనిమిదింటిని 1.8 రెట్లతో కొడుతుంది. నిమిషంలో వంద చిన్న దెబ్బలు కొట్టే పాత్రకు ఈ తేడా లెక్కలోకి రాదు. ఇరవై సెకన్లకు ఒక్క భారీ దెబ్బ కొట్టే పాత్రకు అదే సర్వస్వం. శత్రువు కూలడానికి 1.8 రెట్లు చాలినప్పుడు రెండవ పాత్రే మేలు, 2.5 రెట్లు కావలసి వస్తే దానికి అసలు అవకాశమే లేదు. తెరమీద వెలిగిన అతిపెద్ద అంకెను స్నేహితులకు చూపే ఆటగాడు తెలియకుండానే మొదటి పాత్ర వైపు మొగ్గుతాడు. అతడు చూపేది ఆ నాలుగు దెబ్బల్లో ఒకదాన్ని, తక్కిన ఆరింటిని కాదు.

సగటులో కనిపించని స్టాట్ మరొకటి ఎనర్జీ రీఛార్జ్. ప్రత్యేకశక్తిని ప్రయోగించడానికి ముందు శక్తి నిండాలి. అది సమయానికి నిండకపోతే ఆ దెబ్బ బలం 1.72 రెట్లా, 1.64 రెట్లా అన్న చర్చే అప్రస్తుతం, ఎందుకంటే ఆ దెబ్బ పడదు.

5. మెట్లు

ఇంతవరకు చెప్పిన స్టాట్లన్నీ వాలులాంటివి, కొంచెం పెరిగితే ఫలితం కొంచెం పెరుగుతుంది. 2000లో బ్లిజార్డ్ విడుదల చేసిన డయాబ్లో 2లో మంత్రప్రయోగ వేగం అలా ఉండదు. ఆ ఆట సెకనుకు 25 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. మంత్రానికి పట్టే కాలం పూర్తి ఫ్రేముల్లోనే ఉండాలి, సగం ఫ్రేము అనేది లేదు. సోర్సరెస్ పాత్ర సాధారణంగా ఒక మంత్రానికి 13 ఫ్రేములు తీసుకుంటుంది. మెరుపు మంత్రాలు రెండింటికి లెక్క వేరు. ఫాస్టర్ కాస్ట్ రేట్ 9 శాతానికి చేరితే 12 ఫ్రేములు, 20కి 11, 37కి 10, 63కి 9, 105కి 8, 200కి 7.

కాబట్టి 63 శాతం ఉన్నవాడూ 104 శాతం ఉన్నవాడూ సమానులే. మధ్యలోని 41 శాతాన్ని సమకూర్చే ఉంగరాలూ కంఠహారాలూ వేగం విషయంలో ఏ పనీ చేయవు. ఆ ఒక్క శాతం చేరి 105 అయితే మాత్రం మంత్రాల సంఖ్య 12.5 శాతం పెరుగుతుంది. ఇక్కడ ఉపాంత విలువ క్రమంగా క్షీణించదు. చాలాసేపు సున్నాగా ఉండి ఒక్కసారి ఎగురుతుంది. మెట్టుకు ఒక శాతం దూరంలో ఆగినవాడికి ఆ ఒక్క శాతమే అన్నిటికంటె విలువైన స్టాట్. మెట్టెక్కినవాడికి తరువాతి మెట్టు అందుబాటులో లేనట్లయితే ఆ స్టాట్‌ను విడిచి వేరొకదాన్ని వెతుక్కోవడమే లాభం.

6. పరిభాష సమస్య

గెన్షిన్ ఇంపాక్ట్‌ను తెలుగు పాఠంతో ఆడే వీలు లేదు. తెలుగు ఆటగాడు సాధారణంగా ఇంగ్లీషు పాఠాన్నే చదువుకుంటాడు. పై గణితాన్ని తెలుగులో బోధించదలచినవారికి మొదట ఎదురయ్యే చిక్కు ‘ఎక్కువ’ అన్న మాట. ‘ఇంక్రీజ్డ్’కూ ‘మోర్’కూ అదే అనువాదమైతే పాథ్ ఆఫ్ ఎగ్జైల్‌లోని రెండు ‘20 శాతం ఎక్కువ’ల మధ్య భేదం మాయమవుతుంది. ‘పెంపు’, ‘అదనం’ అని విడదీసినా చదువరికి ఏది కూడేదో ఏది గుణించేదో తెలియదు, అవి కూడా పర్యాయపదాలే కదా. ‘కూడిక పెంపు’, ‘గుణక పెంపు’ అనే జంట కొంత మొరటుగా వినిపించినా అర్థాన్ని మాటలోనే మోస్తుంది. ఆ రకంగా చూస్తే ఇంగ్లీషు మూలంకంటె ఈ జంటే స్పష్టం, ఎందుకంటే మూలంలోని రెండు మాటల భేదాన్ని ఇంగ్లీషు మాతృభాషగా గలవారు కూడా విడిగా నేర్చుకోవలసిందే. వాడుకలో ‘రెట్లు’ అన్న మాట గుణకారానికి ఇప్పటికే స్థిరపడి ఉంది. ‘20 శాతం మోర్’ను ‘1.2 రెట్లు’ అని రాసి, ‘ఇంక్రీజ్డ్’ను శాతంగానే ఉంచితే కొత్త పదమే అవసరం లేకుండా పని జరుగుతుంది.