రంగస్థలం మీద యుద్ధం

నాటకంలో భీముడు కీచకుని చంపవలె. ప్రేక్షకులు ఆ చావును కన్నులారా చూడవలె, చూచి నమ్మవలె. కాని మరునాటి రాత్రి అదే కీచకుడు ముఖానికి రంగు పూసుకొని మరల చావవలసి ఉన్నది గనుక, అతని ఒంటిమీద చిన్న గీతయైనా పడరాదు. రంగస్థల యుద్ధమనే విద్య యావత్తూ ఈ రెండు నియమాల నడుమ ఇమిడి ఉన్నది.

కీచకుని పేరు మేము ఊరక ఎత్తుకోలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక వివాహ సందర్భాన వనారస గోవిందరావు ప్రభృతులు ఆడిన తొలి నాటకం కీచకవధయే. తెలుగునాట నేటికీ నిలిచి ఉన్న సురభి నాటక సమాజాల చరిత్ర ఆ ద్వంద్వయుద్ధంతోనే మొదలైనది. అంతకు పూర్వం ఆ కుటుంబాలవారు తోలుబొమ్మలాట ఆడేవారు. బొమ్మలాటలో యుద్ధం సులువు. రెండు తోలుబొమ్మలను తెరమీద ఒకదానినొకటి తాకించి, ఆడించేవాడు కాలికింది చెక్కపలకను దబదబ తొక్కితే చాలును, కురుక్షేత్రం సిద్ధించినట్లే. తోలుకు నొప్పి లేదు. బొమ్మల స్థానంలో మనుష్యులు నిలిచిన నాటి నుండి చిక్కు వచ్చినది. భీముడు ఇంటి పెద్దవాడు, కీచకుడు అతని తమ్ముడో మేనల్లుడో. దెబ్బ తగిలితే నొచ్చేది సొంతవారికి, ఆగిపోయేది ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే ఆట.

అయితే బొమ్మలాటలోని ఆ చెక్కపలకను మాత్రం మరువరాదు. యుద్ధాన్ని నమ్మించడంలో కంటికంటె చెవికే పాలు ఎక్కువ. రంగస్థలం మీద చెంపదెబ్బ కొట్టేవాని చేయి చెంపను తాకదు, ముఖం ముందు నుండి గాలిలో సాగిపోతుంది. చప్పుడు చేసేది దెబ్బ తిన్నవాడే. ప్రేక్షకులకు కనబడని వైపున, ఆ క్షణానికే, తన రెండు చేతులను కలిపి చరుస్తాడు, లేదా తొడమీద కొట్టుకుంటాడు. చప్పుడు అర క్షణం ముందు వచ్చినా వెనుక వచ్చినా సభ గొల్లున నవ్వుతుంది. మా రేడియోవారికి ఈ సంగతి చక్కగా అనుభవమే. శబ్దం తప్ప మరేమీ లేని మా నాటకాలలో రెండు ఇనుప కడ్డీలను ఖంగున మోగించగానే కత్తియుద్ధం వినబడదు, ఇనుపకొట్టు వినబడుతుంది. రెండు మోతల నడుమ ఊపిరి బరువెక్కడం, కాలు జారిన సవ్వడి, ఒక్క క్షణం నిశ్శబ్దం, ఇవన్నీ కూడినప్పుడే శ్రోత తన మనసులో కత్తులను చూస్తాడు.

ఇక రంగస్థలం మీది అసలు మర్మం ఒకటి ఉన్నది. చూచేవారికి కొట్టేవాడే యుద్ధాన్ని నడుపుతున్నట్లు కనబడుతుంది. నిజానికి నడిపేది దెబ్బ తినేవాడు. ద్రౌపదీ వస్త్రాపహరణ ఘట్టాన్ని తీసుకొందము. దుశ్శాసనుడు ఆమెను జుట్టు పట్టి సభకు ఈడ్చుకొని వస్తాడు. ఆ పాత్రధారి వెంట్రుకలను పట్టడు. పిడికిలి బిగించి ఆమె తలపై ఆనిస్తాడు, అంతే. ఆమె విడిపించుకొనజూచే దానివలె రెండు చేతులతో అతని మణికట్టును పట్టుకొంటుంది. పట్టుకొని, విడిపించుకోదు సరికదా, ఆ పిడికిలిని తన తలకే గట్టిగా అదుముకొంటుంది. ఇప్పుడు పిడికిలికీ తలకూ ఎడం లేదు, జుట్టు లాగబడే ప్రసక్తి లేదు. ఎటు వంగవలెనో, ఎంత వడిగా నడవవలెనో, ఎక్కడ పడవలెనో ఆమెదే నిర్ణయం. దుశ్శాసనుడు కళ్ళెర్రజేసి ఆమె వెంట నడుస్తాడు. ప్రేక్షకులు మాత్రం ఆ దుర్మార్గుని తిట్టుకొంటారు. బలవంతునిగా కనబడేవాడు ఈ విద్యలో పరాధీనుడు. నటనకు సంబంధించిన సంగతులలో ఇంత చమత్కారమైనది మరొకటి మాకు తోచదు.

కత్తులకు వత్తామా, అక్కడ లెక్క మరింత ఖచ్చితం. నరికే దెబ్బను వేటు అనీ, పొడిచే దెబ్బను పోటు అనీ అంటాము. వేటు శత్రువు దేహాన్ని లక్ష్యంగా పెట్టుకొని రాదు; భుజానికి ఆవల, తలకు పైన, ఒక జానెడు ఎడంగా ఉన్న శూన్యాన్ని లక్ష్యంగా పెట్టుకొని వస్తుంది. అవతలివాడు తన కత్తిని ఆ శూన్యంలోకే అడ్డం తెస్తాడు. పొరపాటున అడ్డు తేవడం మరచినా వేటు గాలిలో పోతుంది. పోటును ముఖం వైపు విసరడం సర్వత్రా నిషిద్ధం. ప్రతి వేటుకూ ముందు ఇద్దరి చూపులూ కలియవలె. "నేను సిద్ధం, నీవు సిద్ధమా" అని చూపుతోనే అడిగి, చూపుతోనే సమాధానం పుచ్చుకొని, అప్పుడు చేయి కదపవలె. ఈ ప్రశ్నోత్తరాలు రెప్పపాటులో జరిగిపోతవి గనుక సభకు అవి క్రోధపు చూపులుగా కనబడతవి.

ఆయుధాల సంగతి కొంత చెప్పవలె. కత్తికి పదును ఉండదు, మొన గుండ్రంగా అరగదీసి ఉంటుంది. అయినా అది లోహమే. కంటికి తగిలితే మొద్దుదో వాడిదో కన్ను అడగదు. నాటకసమాజాలలో చెక్కకత్తికి వెండికాగితం అంటించి వాడడమూ ఉన్నది. అది దూరానికి మెరుస్తుంది, కాని తాకిడికి ఠక్కుమంటుంది, ఖంగుమనదు. గద మరొక తమాషా. అది లోపల బోలు, పసిపిల్లవాడు ఒంటిచేత ఎత్తగలడు. బరువంతా నటుడు తన ఒంటినుండి తెచ్చి దానికి అరువీయవలె. ఎత్తేటప్పుడు మోకాలు ముందు వంగవలె, నడుము బిగియవలె, దింపేటప్పుడు గద చేతిని కిందికి లాగుకొనిపోవలె. దుర్యోధనుడు గదను బొంగరం వలె తిప్పినాడా, భీమునికి ఎన్ని పద్యాలున్నా ఆ గదాయుద్ధం ఇక నిలువదు. 1963లో వచ్చిన నర్తనశాల చిత్రంలో భీముని వేషం బరువులెత్తే పోటీలలో పేరుమోసిన దండమూడి రాజగోపాలునికి ఇచ్చినారు, ఎస్.వి. రంగారావు కీచకుడు. బరువు తెలిసిన శరీరానికి బరువును అభినయించడం వేరే నేర్పనక్కరలేదని ఆ చిత్రం చూచినవారికి తోచకపోదు.

సినిమాకు మరొక వెసులుబాటు ఉన్నది. మన అమీర్‌పేటలోని సారథీ స్టూడియో వంటి చోట తీసే యుద్ధంలో వేటు గురి తప్పితే మరల తీయవచ్చును, నచ్చనిదానిని కత్తిరించవచ్చును, కెమేరాను దెబ్బ కనబడని వైపుకు జరపవచ్చును. కత్తి కాంతారావని జనం ముద్దుగా పిలుచుకొన్న కాంతారావు జానపద చిత్రాలలో చూపిన ఒడుపును మేము తక్కువ చేయడం లేదు. కాని రంగస్థలం మీద "మరొకసారి" అనే మాట లేదు.

సురభివారు ఈ ఇబ్బందిని దాటడానికి ఇంద్రజాలాన్ని ఆశ్రయించినారు. మాయాబజారు వంటి వారి నాటకాలలో ఇరువైపుల నుండి బాణాలు బయలుదేరి, రంగం నడుమ గాలిలో ఢీకొని, నిప్పులు చిమ్ముతవి. సభకు కానరాని సన్నని తీగలమీద పక్కతెరల చాటునుండి వాటిని నడుపుతారు. వింటివాడు నారి లాగి విడిచే క్షణమూ, చాటున ఉన్నవాడు తీగ లాగే క్షణమూ ఒక్కటి కావలె. వింటివానికి వెనుక ఏమి జరుగుతున్నదో కనబడదు, తాళాన్ని నమ్ముకొని విడుస్తాడు. నటుని నమ్మకం ఎదుటివానిపై మాత్రమే కాక, చీకటిలో నిలిచిన పనివానిపై కూడ ఉండవలసిన సందర్భం ఇది.

నిజంగా సాము నేర్చినవారిని తెచ్చి నాటకంలో నిలబెడితే సరిపోదా అని కొందరు అడుగుతారు. సరిపోదు. మన దేశంలో సాము గొప్ప విద్య. కోనసీమలో అమలాపురంలో దసరా వేడుకలకు చెడీ తాలింఖానా అని పేరు. చెడీ అంటే కర్ర, తాలింఖానా అంటే శిక్షణ నేర్పే చోటు. రెండూ ఉర్దూ దారిని వచ్చిన మాటలు. కొంకాపల్లి, మహిపాలవీధి మొదలైన వీధుల జట్లు వాహనాల వెంట కర్రలు, కత్తులు తిప్పుతూ ఊరేగుతవి. కళ్ళకు గంతలు కట్టుకొని, పడుకొన్న మనిషి మీద ఉంచిన కాయను కత్తితో రెండు చేసే నేర్పరులు ఆ జట్లలో ఉన్నారు. కత్తిమీద సాము అనే నానుడికి అంతకంటె వ్యాఖ్యానం అక్కరలేదు. అయినా ఆ విద్య తగిలించడానికి పుట్టినది. ఏళ్ళ తరబడి ఉస్తాదు దగ్గర నేర్చిన చేయి, ఎదుటివాడు ఎడం ఇవ్వగానే తనంత తానే లోపలికి దూసుకొనిపోతుంది. దానిని ఆపడం నేర్పాలంటే నేర్చినదంతా ఒకమారు మరపించవలె. సాము రానివాడు రంగస్థలానికి ఎంత ప్రమాదమో, సాము మాత్రమే వచ్చినవాడూ అంతే ప్రమాదం.

మా ఖైరతాబాదు పరిసరాలలో ఉత్తుత్తి యుద్ధానికి మరొక రూపం కనబడుతుంది. పక్కనే ఉన్న ఏ.సి. గార్డ్స్ నిజాముల కాలంలో ఆఫ్రికా సంతతి అశ్వికదళం కాపురమున్న పేట. వారూ, హైదరాబాదులో స్థిరపడిన అరబ్బులూ నిలిపిన మర్ఫా వాద్యంతో పెళ్ళి ఊరేగింపులలో కర్రలు, కత్తులు తిప్పుతూ చిందులు వేయడం నగరంలో వాడుక. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన ఖైరతాబాదు గణపతి నేడు ఆకాశమంత ఎదిగినాడు. ఆయన నిమజ్జనం నాడు వీధిలో తీన్‌మార్ దరువు మోగగానే పూనకం వచ్చినట్లు ఆడే కుర్రవారికి ఆ దరువు ఏ పటాలం నుండి దిగివచ్చినదో తెలియకపోవచ్చును. ఇక్కడ ఎదుట శత్రువు లేడు, దరువే ప్రతిద్వంద్వి.

ఉత్తుత్తి యుద్ధం హద్దు మీరితే ఏమగునో కూడ మన సీమలోనే చూడవచ్చును. కర్నూలు జిల్లా దేవరగట్టులో విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి విగ్రహాలకోసం ఊళ్ళవారు రెండుగా విడిపోయి కర్రలతో తలపడతారు. అది వారికి మొక్కు, ఆచారం. దానిని వినోదంగా ఎంచడం తగదు. కాని తలలు నిజంగా పగులుతవి, ప్రాణాలు పోయిన ఏళ్ళూ ఉన్నవి. పల్నాటి కారెంపూడిలో అట్లు కాదు. కార్తీక అమావాస్యతో మొదలై అయిదు దినాలు సాగే వీరుల ఉత్సవంలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని యుద్ధకథ అంతా దినానికొకటిగా నడుస్తుంది. కొణతాలనే వీరాయుధాలను మోసుకొనివచ్చి కొలుస్తారు. అక్కడ ఆయుధం ఒకరిని కొట్టడానికి కాదు, ఒకరిని తలచుకొనడానికి.

పాశ్చాత్యులు ఈ పనిని ఒక వృత్తిగా ఏర్పరచుకొన్నారు. 1963 మే నెలలో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో ఫిలిస్ పాటర్సన్, రాన్ పాటర్సన్ దంపతులు ఎలిజబెత్ రాణి కాలపు ఇంగ్లండును తలపించే ఒక తిరునాళ్ళు జరిపినారు. మాకు ముచ్చట గొలిపిన విషయమేమనగా, ఆ తిరునాళ్ళు జరిగినది కె.పి.ఎఫ్.కె. అనే ఒక రేడియో కేంద్రానికి చందాలు కూర్చడం కోసం. అది వారాంతపు వేడుకగా మొదలై, తరువాత దేశమంతా అల్లుకొన్నది. ఎలిజబెత్ ఇంగ్లండును ఏలుతున్న 1591లోనే మన హైదరాబాదు నగరానికి పునాది పడినది. ఖైరతాబాదుకు పేరిచ్చిన ఖైరున్నీసా బేగం ఆ కుతుబ్‌షాహీ వంశపు రాకుమారియే. కావలెనంటే ఆ కాలాన్ని తలపించే తిరునాళ్ళకు మనకు సామగ్రి కొదువ లేదు.

ఆ తిరునాళ్ళలో కత్తియుద్ధం చేసే జట్లు ఎదుర్కొనే కష్టం మన వీధినాటకంవారికి చెప్పనక్కరలేదు. పక్కతెరలు లేవు. జనం నాలుగు వైపులా నిలబడతారు. చప్పుడు చేసే చేతిని దాచడానికి కనబడని వైపు అంటూ లేదు. ఎండ కళ్ళలో పడుతుంది, నేల ఎగుడుదిగుడు, ఒక ఆట ముగిసిన గంటకు మరొక ఆట. అలసిన చేయి అంగుళమంత దిగుతుంది. ఆ అంగుళంలోనే ప్రమాదం ఉన్నది. అందుచేతనే జట్టులోని వారు ప్రతి ప్రదర్శనకు ముందు ఆ యుద్ధాన్ని మొదటి నుండి చివరి వరకు, సగం వేగంతో, ఒకమారు నడచిచూస్తారు. నూరవ ప్రదర్శన నాడు కూడ ఈ నియమానికి సడలింపు లేదు. 1977లో అమెరికాలో రంగస్థల యుద్ధ దర్శకులు ఒక సంఘంగా ఏర్పడి శిక్షణకు, పరీక్షకు పద్ధతులు ఏర్పరచినారు.

మనకు అటువంటి సంఘం గాని పరీక్ష గాని లేకపోయినా, సురభి ఉన్నది. 1996లో బి.వి. కారంత్ వచ్చి ఆ కళాకారులకు శిక్షణ ఇచ్చి, వారిచేత భీష్మ, చండీప్రియ వంటి నాటకాలు కట్టించినారు. సమాజానికి దీర్ఘకాలం పెద్దదిక్కైన రేకందార్ నాగేశ్వరరావుకు, అనగా బాబ్జీకి, 2013లో పద్మశ్రీ వచ్చినది. శేరిలింగంపల్లిలో వారి కాలనీ ఉన్నది. తండ్రినుండి కొడుకుకు, అత్తనుండి కోడలికి చేతిమీదుగా వచ్చిన ఈ యుద్ధవిద్యను ఎవరైనా కూర్చుండి అడిగి, వేటుకు వేటుగా వ్రాసిపెట్టవలసి ఉన్నది. పద్యం పుస్తకంలో నిలుస్తుంది. అడుగు ఆ మనిషితోనే పోతుంది.

పంజాగుట్ట, అమీర్‌పేట కళాశాలల విద్యార్థులు నాటకపోటీలకు కత్తియుద్ధాలు తలపెడుతూ ఉంటారు గనుక వారికొక మాట. మొదటి నెల కత్తి ముట్టవద్దు. చేతులు చాచి ఎడం కొలుచుకోవడం, పడడం, లేవడం నేర్చుకోండి. తరువాత తేలిక కర్రలు పట్టండి. మీలో ఒకరు ఆడకుండా బయట నిలబడి చూడవలె, అతడు "నిలు" అన్నంతనే ఎంత రసవత్తర ఘట్టమైనా ఆగవలె. ప్రదర్శన నాడు కళ్ళజోళ్ళు, ఉంగరాలు తీసి ఉంచండి. ముందు వరుసలో నేలమీద కూర్చున్న చిన్నపిల్లలను, వారెంత గోల పెట్టినా సరే, తెర లేచేలోగా రెండు కత్తుల నిడివి వెనుకకు జరపండి.