నెల తప్పకముందే మొదలుపెట్టాల్సిన మాత్ర

“ఇంగా నెల తప్పనే లేదు, మాత్రలెందుకు పాపా?” మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క ఇళ్లలో పెద్దవాళ్లు కొత్త కోడళ్లను ప్రేమగానే ఇలా అడుగుతుంటారు. కానీ ఫోలిక్ యాసిడ్ విషయంలో ఆ మాట విని ఆగితే, పోయిన రోజులు తిరిగి రావు.

బిడ్డకు మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం పిండం ఏర్పడిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. లెక్క వేసి చూడండి. 28 రోజులకొకసారి బహిష్టు అయ్యే అమ్మాయికి అప్పటికి నెల తప్పి రెండు వారాలే అయి ఉంటుంది. పరీక్ష చేసుకుని, ఇంట్లో చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్లేసరికే ఆ గడువు దాటిపోతుంది. నాళం కింది భాగం మూసుకోకపోతే బిడ్డ వెన్నులో చీలికతో పుడుతుంది. పైభాగం మూసుకోకపోతే ఆ బిడ్డ దక్కదు. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పుడే, కనీసం నెల ముందు నుంచి రోజూ 400 మైక్రోగ్రాములు వేసుకోమంటారు. ఇలాంటి లోపంతో ఒకసారి బిడ్డను కన్న తల్లుల మీద బ్రిటన్ వైద్య పరిశోధన మండలి చేయించిన అధ్యయనం 1991లో వెలువడింది. గర్భానికి ముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాములు వాడినవాళ్లలో ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది.

అపోహ: ఆశా కార్యకర్త ఎర్ర మాత్రలు ఇస్తుంది కదా, అప్పుడు వేసుకుంటే చాలు.

ఆ మాత్ర రక్తహీనత కోసం. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. గర్భిణులకు రోజూ ఇవ్వడం నాలుగో నెల నుంచి మొదలవుతుంది. దాన్ని తప్పకుండా వాడాలి. కానీ నాళం మూసుకునే ఘడియ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. గర్భానికి ముందు, మొదటి మూడు నెలలు 400 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోవాలని 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమమే చెబుతోంది. ఏఎన్ఎంను అడగడానికి మొహమాటపడకండి.

అపోహ: సంగటి, ఆకుకూర తినే ఒంటికి మాత్రతో పనిలేదు.

రాగిసంగటి మంచిదే, దాని గొప్ప కాల్షియంలో ఉంది. ఫోలేట్ ఆకుకూరల్లో, పప్పుల్లో, మన వేరుశనగలో ఉంటుంది. కానీ ఆకు ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే అందులో చాలా భాగం వాటితోనే పోతుంది. మిగిలినది కూడా మాత్రలోని ఫోలిక్ యాసిడ్ పట్టినంతగా ఒంటికి పట్టదు. తిండి మానక్కర్లేదు, మాత్రా మానకూడదు. మదనపల్లె టమోటా ఇక్కడ ఇంకోలా అక్కరకొస్తుంది: అందులోని విటమిన్ సి, తిండిలోని ఐరన్ ఒంటికి పట్టేలా చేస్తుంది. అన్నం తినగానే తాగే టీ దానికి అడ్డుపడుతుంది.

అపోహ: ఐరన్ మాత్ర మింగితే బిడ్డ నల్లగా పుడతాడు.

నల్లబడేది తల్లి విరేచనం మాత్రమే. బిడ్డ రంగు అమ్మానాన్నల పోలికను బట్టి వస్తుంది.

అపోహ: ఇంగ్లీషు మందు, వేడి చేసి గర్భం నిలవనివ్వదు.

ఫోలిక్ యాసిడ్ ఒక విటమిన్. దాని జాడ మొదట దొరికింది మన దేశంలోనే: బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత మీద లూసీ విల్స్ అనే వైద్యురాలు చేసిన పరిశోధనలో. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ మందుల కంపెనీ బృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ సంగతి ప్రతి తెలుగింట్లో తెలియాలని నా కోరిక.

అపోహ: మాత్ర వేసుకుంటే త్వరగా కడుపు పండుతుంది.

ఇది సంతానం కలిగించే మందు కాదు. ఏడాది ప్రయత్నించినా నిలవకపోతే, 35 దాటిన ఆడవాళ్లయితే ఆరు నెలలకే, భార్యాభర్తలిద్దరూ పరీక్షలు చేయించుకోవాలి. భర్తకు కూడా ఈ మాత్రలు పెడితే పని జరుగుతుందన్న ఆశా నిలవలేదు. మగవాళ్లకు ఫోలిక్ యాసిడ్, జింక్ ఇచ్చి చూసిన అమెరికా అధ్యయనంలో కాన్పులు పెరగలేదని 2020లో తేలింది.

అపోహ: ఎంత ఎక్కువైతే అంత మేలు.

మందుల షాపులో తేలిగ్గా దొరికేది 5 మిల్లీగ్రాముల మాత్ర, అంటే 400 మైక్రోగ్రాములకు పన్నెండు రెట్లకు పైనే. మోతాదు మించితే బి12 లోపాన్ని కప్పిపుచ్చుతుంది, లోపల నరాలు దెబ్బతింటున్నా తెలియదు. శాకాహారులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రెండు రకాల మల్టీవిటమిన్లు కలిపి వేసుకుంటే విటమిన్ ఎ మోతాదు మించి బిడ్డకే చేటు. ఆ 5 మిల్లీగ్రాముల మాత్ర అవసరమైనవాళ్లూ ఉన్నారు: ముందు కాన్పులో బిడ్డకు వెన్ను లోపం వచ్చినవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు, ఫిట్స్ మందులు వాడేవాళ్లు. వీళ్లు గర్భం ఆలోచన రాగానే డాక్టరును కలవాలి, ఈలోగా ఫిట్స్ మాత్ర మాత్రం సొంతంగా ఆపకూడదు.