వంటింటికి తగిన పొయ్యి ఏది?

గత నెలలో మా పెద్దమ్మాయి గాజువాక నుండి ఫోన్ చేసింది. అల్లుడికి ఉద్యోగం అక్కడే. రెండో అంతస్తులో రెండు గదుల అద్దె ఇల్లు కుదిరింది. సామానంతా సర్దుకున్నారు గాని పొయ్యి విషయం మాత్రం తేలలేదు. "అబ్బా! దుకాణానికి వెళితే తలో మాట చెబుతున్నారు. గాజు పలక ఉన్న గ్యాస్ స్టవ్ కొనమని ఒకరు, గట్టు బండలో అమర్చే హాబ్ కొనమని మరొకరు, ఈ రోజుల్లో గ్యాస్ ఎందుకు, ఇండక్షన్ చాలని ఇంకొకరు. మీరేమంటారు?" అని అడిగింది.

చోడవరంలో మదర్సా పిల్లలకు పాఠాలు చెప్పుకునే నాకు పొయ్యిల సంగతి ఏమి తెలుసునని పాఠకులు అనుకోవచ్చు. తెలియకపోవడం వల్ల జరిగిన నష్టం ద్వారానే కొంత తెలిసింది. కొన్నేళ్ళ క్రితం రమజాను నెలకు ముందు, ఇంటావిడను సంతోషపెడదామని నాలుగు బర్నర్ల గాజు స్టవ్ ఒకటి కొని తెచ్చాను. నల్లగా అద్దంలా మెరుస్తూ చూడముచ్చటగా ఉంది. ఇంటికి తెచ్చాక తెలిసింది, బర్నర్ల మధ్య దూరం చాలదని. పెద్ద దేగ్చీ ఒకటి ఎక్కిస్తే పక్కన పాలగిన్నె కూడా పట్టదు. నాలుగింటికి డబ్బు కట్టి రెండింటితోనే వండుకోవలసి వచ్చింది. ఒక సాయంత్రం ఇఫ్తారుకు బంధువులు వస్తున్నారని వెడల్పాటి దేగ్చీలో బిర్యానీ దమ్ముకు పెట్టారు. వేడి పైకి పోయే దారి లేక గాజు మీదికి తిరిగింది. ఇంతలో పక్కనుండి చల్లని నీళ్ళు ఒలికాయి. పెద్ద శబ్దంతో గాజంతా పలుకులై రాలిపోయింది. అల్లాహ్ దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రాత్రి గాజు పెంకులు ఊడుస్తూ మా ఆవిడ ఒకే మాట అన్నది: "తరగతిలో మష్వరా గురించి అంత చక్కగా చెబుతారు కదా, పొయ్యి కొనేముందు నన్నొక్క మాట అడిగితే ఏమి పోయేది?"

జవాబు చెప్పలేకపోయాను. సంప్రదింపులను గురించి ఏళ్ళ తరబడి పాఠం చెప్పినవాడిని, రోజుకు మూడు పూటలా ఆ పొయ్యి ముందు నిలబడే మనిషిని అడగాలని నాకు తోచలేదు. అందుకే అమ్మాయితో మొదట అన్నమాట ఇది: "దుకాణదారుడు చెప్పింది వినండి, నేను చెప్పేదీ వినండి. ఎంపిక మాత్రం వండేవాళ్ళదే."

నా చిన్నతనంలో ఎంపిక అన్న మాటే లేదు. మా ప్రాంతమంతా చెరకు. బెల్లం వండే పొయ్యిల కింద పిప్పి మండుతుంటే ఆ తీపి వాసన ఊరంతా కమ్ముకునేది. ఇళ్ళలో సరుగుడు కర్రలు, తాటాకులు. మా అమ్మ మట్టిపొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదుతూ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వండిన దృశ్యం ఇప్పటికీ కళ్ళ ముందు కదులుతుంది. చివరి సంవత్సరాలలో ఆమెను ఆయాసం వదల్లేదు. పొగే కారణమని ఆనాడు మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. కట్టెలు, పిడకలు, కిరోసిన్ వంటివాటి పొగవల్ల ఇంటిలోపలి గాలి కలుషితమై 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షలమంది మరణించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. మన రాష్ట్రంలో 1999లో మొదలైన దీపం పథకం, 2016లో కేంద్రం ప్రారంభించిన ఉజ్జ్వల పథకం ఎందరో పేద స్త్రీలను ఆ పొగలోనుండి బయటకు తెచ్చాయి. కనుక ఏ పొయ్యి మంచిదని ఈనాడు వాదించుకోగలగడమే ఒక భాగ్యమని నేను భావిస్తాను.

ఇక అసలు విషయానికి వద్దాం. గ్యాస్ స్టవ్ కొనేవారు మొదట చూడవలసింది మెరుపు కాదు, బర్నర్. ఇత్తడి బర్నర్ బరువుగా ఉంటుంది, వేడికి త్వరగా వంగిపోదు, ఎక్కువకాలం మన్నుతుంది. స్టవ్‌పై ఐఎస్ఐ గుర్తు తప్పనిసరిగా ఉండాలి. గ్యాస్ మండగా వచ్చే వేడిలో కనీసం 68 శాతం గిన్నెకు చేరాలని భారతీయ ప్రమాణం నిర్దేశిస్తున్నది. మిగిలినది వంటగదిని వేడెక్కించడానికే పోతుంది. మంట నీలంగా ఉంటే గ్యాస్ సరిగా మండుతున్నట్లు. పసుపుపచ్చగా లేచి గిన్నె అడుగు నల్లబడుతున్నదంటే బర్నర్ రంధ్రాలు మూసుకుపోయాయనో, గాలి సరిగా అందడం లేదనో గ్రహించాలి. శుభ్రం చేయిస్తే చాలు, కొత్తది కొననక్కరలేదు.

మీ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద దేగ్చీ వెడల్పు ఒక దారంతో కొలిచి, ఆ దారాన్ని దుకాణానికి తీసుకువెళ్ళండి. రెండు బర్నర్ల మధ్య అది పడుతుందో లేదో అక్కడే చూడండి. ఇది ఏ కరపత్రంలోనూ రాయరు. నాలుగు బర్నర్లు ఇరుకుగా ఉన్న స్టవ్ కన్నా మూడు బర్నర్లు ఎడంగా ఉన్నది మన వంటకు మేలు. పండుగలకు, బంధువులకు పెద్ద గిన్నెలు ఎక్కించే ఇళ్ళలో స్టీలు పలకే నిశ్చింత. గాజు పలక తుడవడానికి సులభమన్నమాట నిజమే. అయితే దాని మీద అంచులు దాటే గిన్నెలు పెట్టరాదు, వేడిగా ఉన్నప్పుడు తడిగుడ్డ వేయరాదు.

బండలో అమర్చే హాబ్ సొంత ఇల్లు కట్టుకునేవారికి అందంగానే ఉంటుంది. గట్టుకు సమంగా ఉండడం వల్ల గిన్నె ఎత్తు తగ్గుతుంది, పొట్టిగా ఉన్నవారికి భుజాల నొప్పి ఉండదు. కొన్నిటిలో మంట ఆరిపోతే గ్యాస్‌ను తనంతట తానే ఆపివేసే ఏర్పాటు ఉంటుంది. మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళు వండే ఇంట్లో ఈ ఒక్క సదుపాయం కోసం కాస్త ఎక్కువ పెట్టినా తప్పులేదు. ఇబ్బంది ఎక్కడంటే, దానికోసం గ్రానైటు కోయాలి. ఆ కోసిన కొలత మరో కంపెనీ హాబ్‌కు సరిపోకపోవచ్చు. చెడిపోతే మామూలు స్టవ్‌లా చంకన పెట్టుకుని బజారుకు తీసుకుపోలేము. మనిషే ఇంటికి రావాలి. మా ఊరివంటి చోటికి అనకాపల్లి నుండో విశాఖ నుండో వచ్చేదాకా ఎదురుచూడాలి. అద్దె ఇంట్లో ఉండేవారికి ఇది పనికిరాదని వేరే చెప్పనక్కరలేదు.

ఇండక్షన్ పొయ్యిలో నిప్పు లేదు. గాజు కింద రాగి చుట్ట ఉంటుంది. దానిలో విద్యుత్తు ప్రవహించగా పుట్టే అయస్కాంత క్షేత్రం గిన్నె అడుగునే నేరుగా వేడెక్కిస్తుంది. గిన్నె తీస్తే వేడి పుట్టడం ఆగిపోతుంది. అందువల్లనే వేడి వృథా తక్కువ. దాదాపు 85 శాతం గిన్నెకే చేరుతుంది. అన్నం, పప్పు, పాలు, టీ, కుక్కరు వంటలకు అది చక్కని సాధనం. సహరీకి లేచి కళ్ళు నులుముకుంటూ వండేవేళ, మే నెల ఉక్కలో, మంట సెగ లేకపోవడం ఎంత హాయో మా చిన్నకోడలు చెబుతుంటుంది. కాని అయస్కాంతం అతుక్కోని గిన్నె దానిపై వేడెక్కదు. మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న అల్యూమినియం దేగ్చీలు, కళాయి పోసిన రాగి పాత్రలు అన్నీ అటకెక్కవలసిందే. స్టీలు గిన్నెలలోనూ కొన్ని అతుక్కుంటాయి, కొన్ని అతుక్కోవు. గుండ్రని అడుగు ఉన్న బాణలి దాని మీద నిలవదు. పుల్కాను నేరుగా మంట మీద పొంగించడం, వంకాయ కాల్చడం కుదరదు. గుండెకు పేస్‌మేకర్ అమర్చినవారు ఇంట్లో ఉంటే వైద్యుణ్ణి అడిగాకే కొనాలి. ఇన్‌ఫ్రారెడ్ అనే మరో రకం ఉంది. అది ఏ లోహపు గిన్నెనైనా వేడి చేస్తుంది గాని, ఆపిన తరువాత కూడా చాలాసేపు నిప్పులా కాలుతుంది. పాకే పిల్లలున్న ఇంటికి నేనైతే దానిని సిఫారసు చేయను.

పొయ్యి ధర చూసేవారు గోడవైపు చూడరు. రెండు వేల వాట్ల ఇండక్షన్ సుమారు తొమ్మిది ఆంపియర్ల విద్యుత్తు లాగుతుంది. మన ఇళ్ళలో మామూలుగా ఉండే చిన్న సాకెట్ ఆరు ఆంపియర్లకే తట్టుకుంటుంది. దానికి ఏదో ఒక మార్పిడి ప్లగ్గు తగిలించి నడిపితే మొదట ప్లగ్గు వేడెక్కుతుంది, తరువాత తీగ పైతొడుగు కరుగుతుంది. పదహారు ఆంపియర్ల సాకెట్, దానికి తగిన లావు తీగ, సరైన ఎర్తింగ్ ఉంటేనే ఇండక్షన్ కొనాలి. పాత అద్దె ఇళ్ళలో ఈ మూడూ ఉన్నాయని నమ్మడానికి లేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించుకోవాలి.

ఖర్చు సంగతి. 14.2 కిలోల సిలిండర్ ఇచ్చేంత వంటను ఇండక్షన్ మీద చేయాలంటే, నా లెక్క ప్రకారం, సుమారు 130 నుండి 145 యూనిట్ల కరెంటు కావాలి. మీరు సిలిండరుకు చెల్లించే ధరను 140తో భాగించండి. ఉదాహరణకు ధర 900 రూపాయలనుకుంటే యూనిట్‌కు ఆరున్నర రూపాయలకు కొంచెం తక్కువ వస్తుంది. మీ కరెంటు అంతకన్నా చౌక అయితే ఇండక్షన్ లాభం, ఖరీదైతే గ్యాస్ లాభం. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. మన రాష్ట్రంలో వాడకం పెరిగేకొద్దీ స్లాబు మారి యూనిట్ ధర పెరుగుతుంది. కనుక మొత్తం బిల్లు సగటు కాకుండా, చివరి స్లాబు ధరతో పోల్చాలి. 2024 నవంబరులో మొదలైన దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు అందే కుటుంబాలకు గ్యాసే చౌక అని వేరే లెక్క వేయనక్కరలేదు.

మరో మాట కూడా అమ్మాయికి గుర్తు చేశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు అది చిన్న పిల్ల. సులైమాన్ అలైహిస్సలాం వృత్తాంతంలో వచ్చే పక్షి పేరు అది. తుఫానుకు ఆ పేరు సూచించిన దేశం ఒమన్. అప్పటికి బక్రీదు గడిచి వారం కూడా కాలేదు. స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్‌లో దాచిన మాంసం పాడవకముందే వండి ఇరుగుపొరుగు అందరికీ పంచాము. అదంతా గ్యాస్ పొయ్యి ఉండబట్టే సాధ్యమయింది. తుఫానుల తీరంలో ఉండేవారు కేవలం కరెంటు పొయ్యిని నమ్ముకోవడం మంచిది కాదు. అలాగే సిలిండరు ఒక్కటే ఉన్న ఇంట్లో అది సరిగ్గా అతిథులు వచ్చిన పూటే అయిపోవడం అందరికీ అనుభవమే. అప్పుడు చిన్న ఇండక్షన్ పరువు నిలుపుతుంది.

గ్యాస్ వాడేవారు పొయ్యికి వేలు ఖర్చుపెట్టి గొట్టం దగ్గర పిసినారితనం చూపుతారు. లోపల ఉక్కు తీగ అల్లిన నారింజరంగు సురక్షా గొట్టమే వాడాలి, ఐదేళ్ళకు మార్చాలి. గడువు దాని మీదే ముద్రించి ఉంటుంది. సిలిండరు నిలువుగా, పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలి. వంటగ్యాస్ గాలికన్నా బరువైనది కాబట్టి కారితే నేల మీదే పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్ వేయకూడదు, ఆర్పనూకూడదు. రెగ్యులేటర్ కట్టేసి తలుపులు, కిటికీలు తెరవాలి. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టేయడం మా ఇంట్లో నియమం. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు కాలిపోయినప్పుడు, నిద్రపోయే ముందు నిప్పు ఆర్పివేయమని దైవప్రవక్త (స) హితవు చెప్పిన సంగతి హదీసు గ్రంథాలలో చదివినవారికి ఈ నియమం కొత్తగా అనిపించదు.

ఇదంతా విని అమ్మాయి రెండు రోజులు ఆలోచించింది. అత్తగారితో మాట్లాడింది, దారంతో దేగ్చీ కొలుచుకుంది. చివరికి ఇత్తడి బర్నర్లున్న మూడు బర్నర్ల స్టీలు స్టవ్, దానితోపాటు చిన్న ఇండక్షన్ ఒకటి తీసుకున్నది. హాబ్ మాట సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు చూద్దామన్నది. పదహారు ఆంపియర్ల సాకెట్ పండుగ వెళ్ళాక పెట్టిస్తానని ఇంటి యజమాని మాట ఇచ్చాడట. అందాకా ఇండక్షన్ పెట్టె బీరువా మీదే ఉంది. నిన్న మళ్ళీ వాళ్ళమ్మకు ఫోన్ చేసింది, పెళ్ళిలో వచ్చిన స్టీలు గిన్నెలను పరీక్షించడానికి మన ఇంట్లో అయస్కాంతం ఏదైనా ఉందా అని.