బిగిసిన వ్రేళ్లు - గాజు పలక

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు జాతీయ రహదారిపై నార్కట్‌పల్లికిని నకిరేకల్లుకును నడుమ నున్నది కట్టంగూరు. ఏండ్ల తరబడి పత్తి ఏరిన వ్రేళ్లు, నాటు వేసిన వ్రేళ్లు, సుద్దముక్క పట్టిన వ్రేళ్లు ముదిమిలో బిగిసిపోవుట ఇట్టి ఊళ్లలో క్రొత్త కాదు. క్రొత్తది వేరొకటి కలదు. పింఛను కబురు, బ్యాంకు లెక్క, దూరమున నున్న బిడ్డ పలుకు - అన్నియు నేడు స్మార్ట్‌ఫోను గాజు పలకలోనికి చేరినవి.

ఆ పలకను గట్టిగా నొక్కవలసిన పని లేదు. మానవ శరీరము విద్యుద్వాహకము గనుక వ్రేలు సోకినంతనే తెరపై విద్యుదావేశము మారును; యంత్రము ఆ మార్పునే గుర్తించును. అయినను కీళ్లనొప్పి గలవారికి అది బాధాకరమేల? బాధ తాకుటలో కంటె పట్టుటలో హెచ్చు. ఒంటిచేత ఫోను పట్టి బొటనవ్రేలితో వ్రాయునప్పుడు భారము ఆ వ్రేలి మొదలి కీలుపై బడును. ఒక కిలో బలముతో చిటికె పట్టినచో ఆ కీలుపై ఇంచుమించు 12 కిలోల ఒత్తిడి కలుగునని శాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి.

సంధివాతమున కీలు నడుమనున్న మృదులాస్థి అరుగును. ఆమవాతమున శరీర రక్షణవ్యవస్థయే కీళ్ల పొరపై తిరుగబడును. నల్లగొండ సీమకు మరియొక శత్రువు కలదు: భూగర్భజలములందలి ఫ్లోరైడు. త్రాగునీట లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. ఆ మితిని మిక్కిలి దాటిన నీటిని చిరకాలము త్రాగినవారి ఎముకలు, కీళ్లు బిరుసెక్కును. పటిక, సున్నములతో ఆ దోషమును తొలగించు విధానమునకు ‘నల్లగొండ పద్ధతి’ యనియే పేరు. కావున నొప్పికి కారణమును వైద్యునిచే తేల్చుకొనుట మొదటి పని.

తక్కినవి సులభోపాయములు. ఫోనును బల్లపై నాన్చి చూపుడువ్రేలితో తాకవచ్చును; లావుపాటి పిడిగల స్టైలస్ వాడవచ్చును. వ్రేలు తడబడువారు తాకుడు వ్యవధిని ‘సెట్టింగుల’లో పెంచుకొనవచ్చును. 2017 నుండి గూగుల్ తెలుగు మాటను విని అక్షరములుగా వ్రాయుచున్నది. కేంద్ర ప్రభుత్వ ‘జీవన్ ప్రమాణ్’ ధ్రువపత్రమునకు 2021 నుండి వ్రేలిముద్రకు మారుగా ముఖము చూపినను చాలును.

ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ (1841-1919) ఆమవాతముచే వ్రేళ్లు వంకరపోయినను కడదాక చిత్రించెను. కుంచె అందించినది పరుల చేయి. గీత మాత్రము ఆయనది. ఇంట తాతకు, బడిలో వృద్ధోపాధ్యాయునకు విద్యార్థులు చేయదగిన సాయమును అట్టిదే. ఫోను లాగుకొని తామే నొక్కుట సాయము కాదు; అమరిక చేసి, నేర్పి, చేతికిచ్చుట సాయము. రహస్యసంఖ్యను పరులకు చెప్పవలసి వచ్చిన నాడు సొమ్ముతోపాటు స్వాతంత్ర్యమును చేజారును.