గాలికుంటు వ్యాధి: ఊరంతటికీ ఒకేసారి టీకా

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పాల సేకరణ ఎక్కువగా జర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి ఆవుల మీదనే నడుస్తున్నది. గాలికుంటు సోకితే ఎక్కువ దెబ్బ తినేదీ ఇవే. నోటి వెంట చొంగ, నాలుక మీద బొబ్బలు, గిట్టల సందున పుండ్లు పైకి కనిపించేవి. అవి మానిపోతాయి. కాని పొదుగువాపు, చూడి పోవడం, ఎండకు రొప్పడం చాలాకాలం వెంటాడుతాయి. గుండె దెబ్బతిని పాలుతాగే దూడలు ఉన్నట్టుండి చనిపోతాయి.

తనిఖీకి పోయినప్పుడు పెద్ద రైతులు ఒక మాట అడుగుతుంటారు: "ముసర రోగం టీకాలతోనే పోయింది గదా, ఇది ఎందుకు పోదు?" న్యాయమైన ప్రశ్నే. ముసర వ్యాధి 2011 నాటికి ప్రపంచం నుండే నిర్మూలన అయింది. దానికి ఒక్క టీకాతో ఏళ్ళ తరబడి రక్షణ ఉండేది. గాలికుంటు వైరస్‌లో మన దేశంలో తిరిగేవి ఓ, ఏ, ఆసియా-1 అనే మూడు రకాలు. ఒక రకం వచ్చి తగ్గిన పశువుకు మరొకటి రావచ్చు. టీకాలో మూడు రకాలకూ మందు ఉన్నా, రక్షణ సుమారు ఆరు నెలలే. అందుకే 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పథకం కింద ఆరు నెలలకొకసారి ఉచితంగా వేస్తున్నారు.

ఒక్కరు వేయించి పదిమంది మానుకుంటే ఫలితం లేదు. ఊరిలో నూటికి 80 పశువులకైనా ఒకే విడతలో టీకా పడితేనే వ్యాధికి దారి మూసుకుంటుంది. వట్టిపోయిన ఆవులను, ఎద్దులను, నాటు పశువులను వదిలివేయరాదు. నాటు పశువులో లక్షణాలు తేలికగా కనిపించినా, దాని నుండి పక్క కొట్టంలోని సంకరజాతి ఆవుకు వ్యాధి అంటుతుంది.

"టీకా వేస్తే పాలు తగ్గుతాయి" అని కొందరు వెనుకాడుతున్నారు. కొన్ని పశువుల్లో రెండు మూడు రోజులు తగ్గే మాట నిజమే. లెక్క చూద్దాం. పది లీటర్ల ఆవు రోజుకు లీటరు చొప్పున మూడు రోజులు తగ్గిస్తే పోయేది మూడు లీటర్లు. వ్యాధి వచ్చి రెండు నెలలు సగం పాలే ఇస్తే పోయేది 300 లీటర్లు. 2013లో కర్ణాటకలో ఈ వ్యాధి ప్రబలి వేల పశువులు చనిపోయాయి. ఆ సరిహద్దు మనకు పక్కనే ఉన్నది.

సంఘ కార్యదర్శులు గమనించవలసినవి:

1. పాలు పోసే సభ్యుల పశువులన్నిటి జాబితా, చెవిపోగు నెంబర్లతో, టీకా తేదీకి ముందే సిద్ధం చేయాలి. సభ్యులు కానివారి పశువులనూ చేర్చాలి.

2. దూడకు నాలుగైదు నెలల వయసులో మొదటి టీకా, నెల తర్వాత రెండోది, ఆపైన ఆరు నెలలకొకటి. నెలలు నిండిన చూడి పశువుల సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

3. టీకా మందు 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. గడ్డ కడితే పనికిరాదు.

4. పలమనేరు సంతలో గాని మరెక్కడ గాని కొన్న పశువును 21 రోజులు వేరుగా కట్టాలి. లక్షణాలు కనబడక ముందే వైరస్ బయటపడుతుంది.

వ్యాధి కనబడితే ఆ రోజే పశువైద్యశాలకు తెలపాలి. జబ్బు పశువును వేరు చేసి, దాని పాలు చివరగా పితకాలి. ఆ పాలు కేంద్రానికి తేరాదు. పది లీటర్ల నీటికి 400 గ్రాముల చాకలి సోడా కలిపి కొట్టం నేలను, కేంద్రం వాకిలిని కడగాలి. అల్యూమినియం క్యాన్లకు మాత్రం ఇది వాడరాదు, లోహం తినేస్తుంది. నోటి పుండ్లను లీటరు నీటికి ఒక గ్రాము పొటాషియం పర్మాంగనేట్ కలిపి కడిగి, గ్లిజరిన్‌లో కలిపిన బోరిక్ పొడి పూయాలి. గంజి, జావ వంటి మెత్తని మేత పెట్టాలి.

జబ్బు దాచిపెట్టిన రైతు తన ఆవునే గాక ఇరుగుపొరుగువారి ఆవులనూ పోగొట్టుకుంటాడు. రానున్న విడతలో ఏ సంఘం జాబితాలోనూ టీకా తేదీ గడి ఖాళీగా ఉండరాదని కోరుతున్నాము.